జీపుకు పెద్ద టైర్లు.. పెరిగే ఎత్తు 2 సెంటీమీటర్లే, మారేవి మాత్రం ఎన్నో

సీతాఫల్‌మండి: ఫోర్ వీల్ డ్రైవ్ వాహనం కొన్నవారిలో చాలామందికి ఏడాది తిరగకుండానే ఒక కోరిక పుడుతుంది. కంపెనీ ఇచ్చిన టైర్లు తీయించి, వాటికన్నా ఎత్తయిన, వెడల్పయిన టైర్లు వేయించాలని. వార్సిగూడ, నామాలగుండు ఇరుకు వీధుల్లోనూ, తార్నాక కూడలి వద్దా, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని చెట్ల నీడనా నిలిపి ఉంచిన థార్‌లు, జిమ్నీలు, పాత జిప్సీలను గమనిస్తే ఈ మోజు ఎంతగా ఉందో తెలుస్తుంది. చక్రాలు బాడీ అంచు దాటి బయటికి పొడుచుకు వచ్చిన బండ్లూ వాటిలో ఉంటాయి. అందం కోసమని కొందరు, అడవి దారుల్లో తిరగాలని మరికొందరు, వానాకాలంలో వీధుల్లో నిలిచే నీటికి భయపడి ఇంకొందరు ఈ పని చేయిస్తుంటారు. కారణం ఏదైనా, టైరు సైజు మారితే బండిలో ఆ ఒక్క వస్తువే మారదు. మీటరు, గేర్లు, బ్రేకులు, స్టీరింగ్, బీమా పాలసీ, చివరకు రిజిస్ట్రేషన్ పత్రం దాకా దాని ప్రభావం పోతుంది. డబ్బు చెల్లించే ముందు తెలుసుకోవలసిన విషయాలు ఇవి.

టైరు మీది అంకెలు చదవడం ఇలా..

టైరు పక్క గోడపై 195/80 ఆర్15 అని ఉందనుకుందాం. మొదటి సంఖ్య టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది పక్క గోడ ఎత్తు, వెడల్పులో ఎన్నో శాతమో చెబుతుంది. ఆర్ అంటే రేడియల్. చివరిది రిమ్ వ్యాసం, అంగుళాల్లో. ఒక అంగుళం 25.4 మి.మీ. కనుక 15 అంగుళాల రిమ్ 381 మి.మీ. అవుతుంది. పక్క గోడ 195లో 80 శాతం, అంటే 156 మి.మీ. ఈ గోడ పైనా కిందా రెండుసార్లు వస్తుంది కాబట్టి 312. మొత్తం కలిపితే టైరు వ్యాసం 693 మి.మీ. ఇది 2023లో మన దేశంలో విడుదలైన మారుతి జిమ్నీకి కంపెనీ ఇచ్చే సైజు.

దీని స్థానంలో అదే 15 అంగుళాల రిమ్‌కు సరిపోయే 235/75 ఆర్15 వేశారనుకుందాం. ఇదే లెక్కన వ్యాసం 733.5 మి.మీ. వస్తుంది. పెరిగింది 40.5 మి.మీ. అయితే ఇరుసు ఉండేది చక్రం మధ్యలో కనుక బండి నేల నుంచి లేచేది అందులో సగమే, సుమారు 20 మి.మీ. కంటికి ఎంతో పెద్దదిగా కనిపించే ఈ టైరు నిజానికి ఇచ్చే అదనపు ఎత్తు 2 సెంటీమీటర్లు.

థార్ సంగతీ ఇంతే. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌లో ఒక రకానికి 245/75 ఆర్16, మరో రకానికి 255/65 ఆర్18 ఇచ్చారు. మొదటిదాని వ్యాసం 773.9, రెండోదాని వ్యాసం 788.7 మి.మీ. రిమ్‌లు రెండు అంగుళాల తేడాతో ఉన్నా మొత్తం వ్యాసంలో తేడా 15 మి.మీ. లోపే, అంటే రెండు శాతానికి మించలేదు. తయారీదారు తన బండికే రెండు సైజులు ఇచ్చినప్పుడు చూపిన ఈ జాగ్రత్త గమనించదగినది. ఇదే బండికి 18 అంగుళాల రిమ్ తీసి 285/70 ఆర్17 వేస్తే వ్యాసం 830.8 మి.మీ. అవుతుంది. పెరుగుదల 5.3 శాతం. ఇక్కడా బండి లేచేది 21 మి.మీ. మాత్రమే.

వ్యాసంలో మార్పు మూడు శాతం దాటరాదన్నది టైర్ల వ్యాపారంలో చాలాకాలంగా పాటిస్తున్న లెక్క. ఇది చట్టం కాదు, వర్క్‌షాపుల అనుభవంలోంచి వచ్చిన హద్దు. ఆ లోపు ఉంటే తక్కిన భాగాలకు పెద్దగా చిక్కు రాదు. పై రెండు ఉదాహరణలూ ఆ హద్దు దాటినవే.

మీటరు చెప్పేది నమ్మలేము

స్పీడోమీటరుకు చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో తెలుసు గానీ ఎంత నేల గడిచిందో తెలియదు. చుట్టుకు ఇంత దూరమని కంపెనీలోనే లెక్క కట్టి పెట్టి ఉంటారు. జిమ్నీ అసలు టైరు ఒక చుట్టుకు సుమారు 2.18 మీటర్లు కదిలితే, 235/75 ఆర్15 సుమారు 2.30 మీటర్లు కదులుతుంది. అంటే మీటరు 100 చూపుతున్నప్పుడు బండి వెళ్లేది పాత లెక్కకన్నా దాదాపు 6 కి.మీ. ఎక్కువ వేగంతో. మీటర్లను సాధారణంగా వాస్తవ వేగం కన్నా కొంచెం ఎక్కువే చూపేలా అమరుస్తారు. పెద్ద టైరు ఆ రక్షణను మింగేస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డుపై 2023లో గరిష్ఠ వేగాన్ని గంటకు 120 కి.మీ.కు పెంచారు. మీటరులో 114 చూసి నిశ్చింతగా ఉన్న వ్యక్తి ఆ హద్దు దాటి ఉండవచ్చు. కెమెరాకు మన మీటరుతో పని లేదు.

కిలోమీటర్ల లెక్క కూడా ఇలాగే తక్కువ చూపుతుంది. మీటరులో 10,000 కి.మీ. అయినప్పుడు బండి నిజంగా తిరిగింది 10,500 పైనే. ఆయిల్ మార్పు, సర్వీసు గడువులు ఆ మేరకు వెనకబడతాయి. మైలేజీ కూడా కాగితంపై మరీ పడిపోయినట్లు కనిపిస్తుంది. అందులో కొంత మీటరు లోపం, కొంత నిజం.

గేర్లు, బ్రేకులపై భారం

టైరు ఎత్తు, గేరు నిష్పత్తి ఎప్పుడూ జంటగా నిర్ణయమయ్యేవే. రెండో ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ జీపుకు 6.00-16 టైర్లు, యాక్సిల్‌లో 4.88 నిష్పత్తి గల క్రౌన్ పినియన్ ఉండేవి. ఆ టైరు ఎత్తు సుమారు 28 అంగుళాలే. నేటి కళ్లకు సన్నగా, సైకిలు చక్రంలా కనిపించే ఆ టైర్లతోనే ఆ జీపు ఎడారులు, బురద నేలలు దాటింది. అది టైరు ఒక్కదాని గొప్ప కాదు. తేలికైన బండి, తక్కువ గేరు, దానికి తగిన చక్రం కలిసి చేసిన పని.

వ్యాసం ఆరు శాతం పెరిగితే ఇంజన్ నుంచి నేలకు చేరే లాగుడు దాదాపు అంతే తగ్గుతుంది. గేరు ఒకింత పొడవైనట్లు అవుతుంది. చదును రోడ్డుపై ఇది తెలియదు. నిండు బరువుతో అనంతగిరి ఘాట్ ఎక్కుతున్నప్పుడు, రాళ్లపై అంగుళం అంగుళంగా కదిలేటప్పుడు తెలుస్తుంది. ఎత్తుపల్లాల కోసమని వేయించిన టైరు, ఎత్తు ఎక్కే శక్తినే కొంత తీసేస్తుందన్నమాట. దీనికి సరైన విరుగుడు క్రౌన్ పినియన్‌ను తగిన నిష్పత్తి గలదానితో మార్చడం. అది ముందు, వెనుక యాక్సిళ్లు రెండింటిలోనూ ఒకే నిష్పత్తితో మార్చాలి. ఖర్చుతో కూడిన పని కనుక సాధారణంగా ఎవరూ దాని జోలికి పోరు. క్లచ్ ప్లేటు త్వరగా అరిగిపోవడం ద్వారా ఆ ఖర్చు వేరే రూపంలో వస్తుంది.

బ్రేకుల సంగతి ఇంతకన్నా ముఖ్యం. పెడల్‌పై అదే బలంతో తొక్కినా, చక్రం వ్యాసార్ధం పెరిగిన నిష్పత్తిలో నేల వద్ద ఆపే బలం తగ్గుతుంది. దానికి తోడు మట్టి దారుల కోసం చేసిన టైర్లు బరువైనవి. తిరిగే బరువును ఆపడం నిలకడ బరువును ఆపడంకన్నా కష్టం. ఒక్కసారి గట్టిగా తొక్కినప్పుడు తేడా అంతగా తెలియకపోవచ్చు. ఘాట్ రోడ్డులో దిగుతూ పదేపదే తొక్కినప్పుడు బ్రేకులు వేడెక్కి పట్టు సడలుతుంది. ఏబీఎస్, ఈఎస్‌పీ వంటి వ్యవస్థలు కూడా చక్రాల వేగాన్ని కంపెనీ సైజు ఆధారంగానే అంచనా వేస్తాయి.

మారిస్తే అయిదూ మార్చాలి

ఫోర్ వీల్ డ్రైవ్ బండికి మాత్రమే వర్తించే నియమం ఒకటి ఉంది. థార్, జిమ్నీ, జిప్సీ వంటి వాటిలో లీవరు లాగి నాలుగు చక్రాలకూ శక్తి అందించినప్పుడు ముందు యాక్సిల్, వెనుక యాక్సిల్ ఒకే వేగంతో తిరగక తప్పదు. మధ్యలో తేడాను సర్దే డిఫరెన్షియల్ ఉండదు. ముందు రెండు చక్రాలు ఒక సైజు, వెనుకవి మరో సైజు అయితే ఈ ఇరుసుల మధ్య మెలి పెరిగిపోతుంది. బురదలో చక్రం కొంచెం జారి ఆ మెలి విడిపోతుంది. గట్టి రోడ్డుపై విడిపోదు. ట్రాన్స్‌ఫర్ కేసు, ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్లు ఆ బలాన్ని భరించాలి. అందుకే డబ్బు చాలక ఇప్పుడు రెండు, వచ్చే నెల రెండు అనుకోవడం టూ వీల్ డ్రైవ్ కారుకు చెల్లుతుందేమో గానీ ఈ బండ్లకు చెల్లదు. సైజు ఒకటే అయినా రెండు అరిగినవి, రెండు కొత్తవి అయితే కూడా ఇదే ఇబ్బంది కొంతమేర ఉంటుంది.

చాలామంది మరచిపోయేది స్టెప్నీ. నాలుగు పెద్దవి వేయించి, వెనుక తలుపుకు పాత చిన్న టైరే వేలాడదీసుకుని తిరిగేవారు కనిపిస్తుంటారు. అడవి మధ్యలో పంక్చరై ఆ చిన్నది బిగిస్తే, సరిగ్గా నాలుగు చక్రాల శక్తి కావలసిన చోటే దాన్ని వాడలేని పరిస్థితి వస్తుంది. కనుక కొనాల్సింది అయిదు. పెద్ద స్టెప్నీ బరువును తలుపు కీళ్లు మోయగలవో లేదో కూడా చూసుకోవాలి. జాకీ ఎత్తు చాలుతుందా అన్నది మరో ప్రశ్న.

రిమ్ కొనేటప్పుడు..

టైరు వెడల్పు పెరిగితే పాత రిమ్ సరిపోకపోవచ్చు. ప్రతి టైరు సైజుకూ ఇంత వెడల్పు నుంచి ఇంత వెడల్పు వరకు రిమ్ అని టైరు కంపెనీలు నిర్దేశిస్తాయి. ఇరుకు రిమ్‌పై వెడల్పు టైరు ఎక్కిస్తే మధ్య భాగం ఉబ్బి, అక్కడే అరుగుతుంది. మలుపుల్లో గోడ వాలిపోతుంది.

రిమ్‌లో చూడవలసినవి మరో మూడు ఉన్నాయి. నట్ల రంధ్రాల సంఖ్య, వాటి వలయం కొలత మొదటిది. జిప్సీకి, జిమ్నీకి అయిదు నట్లు, 139.7 మి.మీ. వలయం. రెండోది మధ్య రంధ్రం. అది హబ్‌పై బిగువుగా కూర్చోవాలి. మూడోది ఆఫ్‌సెట్, అంటే రిమ్ నడిమి గీతకు, హబ్‌కు ఆనే ముఖానికి మధ్య దూరం. చక్రాలు బయటికి వచ్చి కనిపించాలని ఆఫ్‌సెట్ తగ్గించిన రిమ్‌లు, లేదా మధ్యలో స్పేసర్లు వేయిస్తారు. అప్పుడు బరువు బేరింగులపై పక్కవాటుగా పడుతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, గుంతలో పడిన ప్రతి దెబ్బా చేతికి తగులుతుంది. బాడీ అంచు దాటిన టైరు చిమ్మే బురద, చిన్న రాళ్లు ఎవరికి తగులుతాయో సీతాఫల్‌మండి వంతెనపై పక్కనే వెళ్లే ద్విచక్ర వాహనదారుకు చెప్పనక్కర్లేదు. స్పేసర్ల విషయంలో మధ్యేమార్గం ఏమీ లేదు. వద్దనడమే మేలు.

కొత్త చక్రం బిగించాక స్టీరింగ్‌ను రెండువైపులా చివరిదాకా తిప్పి చూడాలి. షాపు ముందు చదును నేలపై తగలని టైరు, ఒక చక్రం గట్టెక్కి స్ప్రింగు నొక్కుకున్నప్పుడు మడ్‌గార్డుకో, లోపలి గొట్టానికో రాసుకోవచ్చు. ఈ రాపిడి తప్పించడానికే చాలామంది సస్పెన్షన్‌ను రెండు అంగుళాలు పైకెత్తిస్తారు. అయితే స్ప్రింగు మార్పిడితో లేచేది బాడీ మాత్రమే. జిమ్నీ, జిప్సీల్లో రెండు వైపులా, థార్‌లో వెనుక వైపు ఉండే గట్టి ఇరుసు కింద ఎడం దానివల్ల ఏమీ పెరగదు. ఆ ఎడం పెంచగలిగేది టైరు ఒక్కటే. పెద్ద టైరుకు ఉన్న అసలైన సాంకేతిక ప్రయోజనం అదే. ఎత్తు పెంచిన బండిలో బ్రేకు గొట్టాల పొడవు, షాఫ్టుల వాలు, ముందు చక్రాల అలైన్‌మెంటు తిరిగి చూడాలి. గురుత్వ కేంద్రం పైకి పోతుంది కనుక వేగంలో ఒక్కసారిగా స్టీరింగ్ కోస్తే బోల్తా పడే ప్రమాదం పెరుగుతుంది. ఇంట్లో పిల్లలు, పెద్దవారు కూడా ఎక్కే బండి అయితే ఇది తేలిగ్గా తీసుకోదగిన మాట కాదు.

వరద నీటికి విరుగుడేనా?

2020 అక్టోబరు 13, 14 తేదీల్లో కురిసిన వానకు హబ్సిగూడ, రామంతాపూర్, ఉప్పల్ కాలనీలు మునిగిన తీరు ఈ ప్రాంతవాసులు మరువలేదు. ఎత్తయిన బండి, పెద్ద టైరు ఉంటే గట్టెక్కవచ్చన్న ఆలోచన అప్పటి నుంచి కొంత బలపడింది. ఇందులో నిజం తక్కువ. నీటిలో బండి ఎంత లోతుకు దిగగలదో నిర్ణయించేది ఇంజన్ గాలి పీల్చే గొట్టం ఎక్కడుందన్నది, వైర్ల జాయింట్లు ఎక్కడున్నాయన్నది. థార్‌కు కంపెనీ ప్రకటించిన లోతు 650 మి.మీ. దీనికి టైరు చేర్చేది ఆ రెండు సెంటీమీటర్లే. నీరు ఇంజన్‌లోకి పోతే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ప్రవహించే నీరైతే సుమారు 30 సెంటీమీటర్ల లోతే చిన్న కార్లను కదిలిస్తుంది. 60 సెంటీమీటర్లు చాలా రకాల పెద్ద వాహనాలను సైతం కొట్టుకుపోయేలా చేయగలదు. గాలి నిండిన పెద్ద టైరుకు తేలే గుణం ఇంకా ఎక్కువని కూడా గుర్తుంచుకోవాలి. మూత లేని మ్యాన్‌హోల్‌కు టైరు సైజుతో నిమిత్తం లేదు.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తోంది. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను కచ్చితంగా పాటించాల్సిందేనని తీర్పు చెప్పింది. అదే ఏడాది చేసిన చట్ట సవరణలో 182ఏ సెక్షన్ చేర్చి, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలు కల్పించారు. శిక్ష షాపు వారికి కాదు, యజమానికి అన్నది గమనించాలి.

అయితే టైరు మార్చిన ప్రతివారూ నేరస్థులని దీని అర్థం కాదు. అదే మోడల్‌లో ఏదో ఒక రకానికి కంపెనీ ఇచ్చిన సైజు, లేదా యజమాని పుస్తకంలో పేర్కొన్న ప్రత్యామ్నాయ సైజు వేయించుకుంటే తయారీదారు నిర్దేశాల పరిధిలోనే ఉన్నట్లు చెప్పుకోవడానికి ఆధారం ఉంటుంది. డ్రైవరు తలుపు పక్కన అతికించిన పట్టీపై సైజు, గాలి ఒత్తిడి ముద్రించి ఉంటాయి. దాన్ని ఫొటో తీసి ఉంచుకోవడం మంచిది. పసుపు నంబరు ప్లేటు వాహనాలకు రిజిస్ట్రేషన్ సమయంలోనే టైర్ల సంఖ్య, సైజు నమోదవుతాయి కనుక వారు మరింత జాగ్రత్తగా ఉండాలి. సందేహం ఉంటే ముందుగా ప్రాంతీయ రవాణా కార్యాలయంలో అడిగి, ఆ తర్వాతే షాపుకు వెళ్లాలి.

జరిమానాకన్నా పెద్ద నష్టం బీమా వైపు నుంచి రావచ్చు. బండిలో చేసిన మార్పును బీమా సంస్థకు తెలపాలి. తెలపకుండా చేసిన మార్పు ప్రమాదానికి కారణమైందని సర్వేయరు రాస్తే సొంత నష్టం క్లెయిము తగ్గించడానికో, తిరస్కరించడానికో అవకాశం ఉంటుంది. బేరింగులు, స్టీరింగ్ భాగాలపై కంపెనీ వారంటీ కూడా అలాగే చిక్కుల్లో పడుతుంది.

సైజు మార్చకుండా టైరు మార్చవచ్చు

ఎక్కువమందికి అవసరమైనది ఇదే. రోడ్డు కోసం చేసిన హెచ్‌టీ టైర్ల స్థానంలో అదే సైజులో ఏటీ రకం వేయించుకుంటే మట్టి దారిపై పట్టు, రాళ్లకు తట్టుకునే గోడ లభిస్తాయి. రోడ్డుపై చప్పుడు కొంచెం పెరుగుతుంది. మైలేజీ కొంత తగ్గుతుంది. బురద కోసమే చేసిన ఎంటీ రకం తార్నాక నుంచి ఉప్పల్ దాకా రోజూ వెళ్లి వచ్చేవారికి అక్కర్లేదు. ఆ పెద్ద గడ్ల టైరు తడి తారు రోడ్డుపై ఏటీ అంత పట్టు ఇవ్వదు, త్వరగా అరుగుతుంది, చెవులు గింగురుమనిపిస్తుంది. ఊరి బయట భూమి, రాయి, నీటి వనరుల పరిశీలనకు పొలం గట్లు పట్టి వెళ్లే పరిశోధకుల బండ్లకు, నల్లమల వంటి చోట్ల పనిచేసేవారికి దాని అవసరం వేరు. ఏడాదికి రెండుసార్లు వికారాబాద్ వెళ్లే బండికి వేరు.

ఇసుకలోనో, బురదలోనో పట్టు కావాలంటే ఖర్చు లేని మార్గం గాలి తగ్గించడం. ఇసుకలో 18 నుంచి 20 పీఎస్‌ఐకి దించితే టైరు నేలపై పరుచుకుని పొడవైన ముద్ర వేస్తుంది. నిదానంగా నడపాలి, గట్టి రోడ్డెక్కగానే తిరిగి నింపాలి. అందుకు బండిలో చిన్న గాలి పంపు ఉంటే చాలు. దాని ధర ఒక్క పెద్ద టైరు ధరలో చిన్న భాగమే.

కొనే రోజున..

రాణిగంజ్ వెళ్లినా, వీధి చివరి షాపులో కొన్నా, టైరుపై ఐఎస్‌ఐ గుర్తు చూడాలి. పక్క గోడపై కోడి గుడ్డు ఆకారపు గీత లోపల ఉండే నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 2324 అంటే 2024లో 23వ వారం. రాయితీపై ఇస్తున్న పెద్ద టైర్లు ఏళ్ల తరబడి గోదాములో పడి ఉన్నవి కావచ్చు. సైజు తర్వాత వచ్చే సంఖ్య మోయగల బరువును సూచిస్తుంది. 100 అంటే ఒక్కో టైరుకు 800 కిలోలు, 111 అంటే 1,090 కిలోలు. కంపెనీ టైరుకన్నా ఈ సంఖ్య తగ్గకూడదు. దాని పక్క అక్షరం వేగానిది. ఎస్ అంటే గంటకు 180, క్యూ అంటే 160 కి.మీ. ఎంటీ టైర్లలో చాలావాటికి క్యూ ఉంటుంది.

బిగించాక బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ రెండూ చేయించాలి. కొత్త అల్లాయ్ వీల్‌కు పాత నట్లు సరిపోతాయో లేదో చూడాలి. కొన్నింటికి కోసుగా, కొన్నింటికి బల్లపరుపుగా ఉండే నట్లు కావాలి, ఒకదాని చోట మరొకటి వేస్తే బిగినట్లే ఉండి వదులవుతాయి. గాలి తుపాకీతో కాకుండా టార్క్ రెంచితో బిగించమని అడగాలి. 50 నుంచి 100 కి.మీ. తిరిగాక మళ్లీ షాపుకు వెళ్లి అన్ని నట్లనూ ఒకసారి బిగింపు చూపించుకోవాలి. తీసేసిన పాత అయిదు చక్రాలను మాత్రం వెంటనే అమ్ముకోకూడదు. రవాణా శాఖ తనిఖీకో, బండి అమ్మకానికో, పెద్ద టైర్లతో ఒక వానాకాలం నడిపి చూశాక మనసు మారితేనో అవే అక్కరకు వస్తాయి.